మగ్గం గుంత

మా ఇంటి ముందుగదిలో, ఇప్పుడు సోఫా ఉన్న చోట, తొడలోతు గుంత ఒకటి ఉండేది. మా నాయన అందులో కాళ్లు దించుకుని ముప్పై ఐదేళ్లు మగ్గం నేశాడు. అంతకుముందు మా తాత నేశాడు. 1998లో చూపు మందగించి నాయన నేత ఆపేశాడు. ఆపినా, సాయంత్రమైతే ఆ గుంతలోనే కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడు. ఆయన పోయి ఏడాది తిరగ్గానే, 2004లో, ఆ గుంతను నేను పూడ్పించాను.

అర ట్రాక్టరు మొరం పట్టింది. "గుంత ఉన్నకాడ బాగ దిమ్మిస కొట్టాలె సార్, లేకుంటె రేపు నేల కుంగుతది" అన్నాడు మేస్త్రీ. పక్కనే నిలబడి కొట్టించాను. పైన కాంక్రీటు పోయించి, రెండడుగుల తెల్ల టైల్స్ వేయించాను. అమ్మ అప్పటికి ఉంది. వద్దనలేదు, సరేననలేదు. పని జరిగిన రెండు రోజులూ పక్కింట్లో పోయి కూర్చుంది. మగ్గం కట్టెలు పెరట్లో ఒక వానకాలమంతా నాని, మరుసటేడు మా అమ్మాయి ఫంక్షన్ నాడు వంటపొయ్యి కిందికి పోయాయి.

ఇరవై ఏళ్లు ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవాల్సినంత తప్పు అందులో ఉందని కూడా నాకు తోచలేదు. తోచింది గద్వాలలో కాదు, వేల మైళ్ల అవతల ఒక పరాయి ఊళ్లో, ఒక ముసలామె అడిగిన మామూలు ప్రశ్నకు నేను చెప్పిన జవాబు వల్ల.

నేను సోషల్ టీచర్ని. గద్వాలలో పుట్టాను. అప్పటికి మాదంతా మహబూబ్‌నగర్ జిల్లా. వనపర్తి వైపు కొన్నేళ్లు, కొల్లాపూర్‌లో కొన్నేళ్లు, మళ్లీ గద్వాల చుట్టుపక్కల, ఇట్లా బదిలీల మీద తిరిగి 2019లో రిటైరయ్యాను. స్టాఫ్‌రూమ్‌లో కొత్తగా వచ్చినవాళ్లు "మీ నాన్నగారు ఏం చేసేవారు సార్" అంటే "బట్టల వ్యాపారం" అనేవాణ్ణి. నాయన ఏనాడూ వ్యాపారం చేసిన మనిషి కాదు. సావుకారు ఇచ్చిన నూలు, పట్టు, జరీ ఇంటికి తెచ్చి, నేసి, చీర అప్పజెప్పి కూలి తెచ్చుకున్నాడు. ఆ కూలితోనే నేను బి.ఎడ్. చదివాను.

హైదరాబాద్ నుంచి ఎవరైనా వచ్చి మీ ఊళ్లో చూడాల్సినవి ఏమున్నాయని అడిగితే నా దగ్గర తయారుగా ఒక జవాబు ఉండేది. కోట, కోటలో చెన్నకేశవస్వామి గుడి. జమ్మిచేడు జమ్ములమ్మ. కృష్ణకు వరదొస్తే జూరాల గేట్లు, అక్కడ రోడ్డు పక్కన వేయించి అమ్మే చేపలు. టైముంటే అలంపురం పోయి జోగులాంబను, నవబ్రహ్మ ఆలయాలను చూసుకుని రండి. చీర కావాలంటే ఫలానా షాపు. "అంతే అండీ, చిన్న ఊరు, ఇంకేం లేదు" అని ముగించేవాణ్ణి. మగ్గం చూడాలని ఉందని అడిగినవాళ్లకు కూడా "ఇప్పుడు ఎవరు నేస్తున్నారండీ" అని చెప్పి పంపించాను. ఆ మాట అంటున్నప్పుడు మా వెనకవీధిలో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. నా చెవికి వినిపిస్తూనే ఉన్నాయి.

మా అమ్మాయీ అల్లుడూ నెదర్లాండ్స్‌లో లైడెన్ అనే ఊళ్లో ఉంటారు. 2023 ఏప్రిల్‌లో నేనూ మా ఆవిడా మూడు నెలలు ఉందామని పోయాం. మొదటి రెండు వారాలు అందరూ చూసేవే చూశాం. కూకెన్‌హోఫ్‌లో ట్యూలిప్ పూలు, ఆమ్‌స్టర్‌డామ్ కాలువల మీద పడవ, గాలిమరలు. ఫొటోలు తీసి రిటైర్డ్ టీచర్ల గ్రూపులో పెట్టాను. ఆ తర్వాత పిల్లలు ఆఫీసులకు పోయేవారు, మా ఆవిడ మనవడితో ఇంట్లో ఉండేది, నాకు పని లేదు. పొద్దున తొమ్మిదికి చెప్పులేసుకుని బయల్దేరి, ఏ కాలువ గట్టున ఎండ పడుతుంటే దాని వెంట నడిచేవాణ్ణి.

అట్లా ఏమీ చూడాలనుకోకుండా నడవడం నా జన్మలో అదే మొదటిసారి. మామూలు ఇంటి తలుపులా ఉన్నది కొంచెం తోస్తే, లోపల చిన్న తోట, తోట చుట్టూ ఒకే వరసలో బుల్లి బుల్లి ఇళ్లు. వాటిని హోఫ్యె అంటారు. వందల ఏళ్ల కింద కలిగినవాళ్లు పేద ముసలివాళ్ల కోసం కట్టించి పోయినవి. ఆ ఊళ్లో ముప్పైకి పైగా ఉన్నాయి. ఇళ్ల పక్కగోడల మీద నిలువెత్తు కవితలు రాసి ఉంటాయి. 1992లో మొదలుపెట్టి వందకు పైగా గోడల మీద రాశారు, ఏ భాష కవితను ఆ భాష లిపిలోనే. రష్యన్ ఉంది, జపనీస్ ఉంది, అరబిక్ ఉంది. నాకు ఒక్క ముక్క తెలియదు. అయినా ప్రతి గోడ ముందూ ఆగేవాణ్ణి. గుడి ముందు ఆగినట్టు కాళ్లు వాటంతట అవే ఆగేవి.

మా ఊరికి విద్వద్గద్వాల అని పేరు. సంస్థానం రోజుల్లో కార్తీక, మాఘ మాసాల్లో కవులూ పండితులూ దూరదూరాల నుంచి వచ్చి సభల్లో కూర్చుని, సన్మానాలు అందుకుని పోయేవారు. తిరుపతి వెంకట కవులు వచ్చిపోయిన ఊరు అది. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే 354 మంది కవులను వెతికి తెచ్చి 1934లో గోల్కొండ కవుల సంచిక అచ్చువేసిన సురవరం ప్రతాపరెడ్డిది మా నడిగడ్డే, ఇటిక్యాలపాడు. ఈ సంగతి ఏటా పిల్లలకు చెప్పేవాణ్ణి. చెప్పి, గంట కొట్టగానే బయటికొచ్చి, మా ఊళ్లో ఏముందండీ అనేవాణ్ణి. లేదన్నవాళ్లకు ఆయన ఊరూరా వెతికి చూపించాడు. అదే నేల మీద పుట్టిన నేను, ఉందని తెలిసీ లేదన్నాను. లైడెన్‌లో ఒక జపనీస్ కవిత కింద బెంచీ మీద కూర్చుని ఉంటే ఇది తట్టి, కాసేపు లేవలేకపోయాను.

ఆ ఊళ్లో హోయ్‌గ్రాఖ్ట్ అని ఒక రోడ్డుంది. గ్రాఖ్ట్ అంటే కాలువ. వెతికినా చుక్క నీళ్లుండవు, వాహనాలు తిరిగే రోడ్డు. ఒకప్పుడు కాలువేనని, పూడ్చి రోడ్డు చేశారని, పేరు మాత్రం తీసెయ్యలేదని అల్లుడు చెప్పాడు. ఒక మధ్యాహ్నం ఆ రోడ్డు దాటి పక్క వీధిలోకి మళ్లితే, పాత ఇల్లొకటి, వీధి వైపు కిటికీ, కిటికీలో మగ్గం.

నేను అక్కడే నిలబడిపోయాను. అది పదహారో శతాబ్దంలో కట్టిన నేతగాడి ఇల్లు. ఇప్పుడు చిన్న మ్యూజియంగా ఉంచారు. వారంలో కొన్ని పూటలే తెరుస్తారు. టికెట్ తీసుకుని లోపలికి పోయాను. డబ్బులిచ్చి మగ్గం చూడటానికి పోయానని అప్పుడు నాకు తోచలేదు.

లోపల ఒకటే గది అన్నట్టు ఉంది. గదిలో సగం మగ్గమే. మిగిలిన సగంలో వంట, పడక, పిల్లలు. ఆ అమరిక చూడగానే నా కడుపులో ఏదో కదిలింది, ఎందుకంటే మా ఇల్లూ అంతే. వాళ్ల మగ్గానికి గుంత లేదు, నేల మీదే పెద్ద పెద్ద కట్టెలతో నిలబెట్టింది. నేసింది ఉన్ని. ఫ్లాండర్స్ వైపు యుద్ధం తట్టుకోలేక పారిపోయి వచ్చిన నేతగాళ్లతో ఆ ఊరు నిండిందని, పదిహేడో శతాబ్దంలో ఆమ్‌స్టర్‌డామ్ తర్వాత అంత పెద్ద ఊరు అయిందని అక్కడున్న పెద్దావిడ చెప్పింది. డెబ్భై దాటి ఉంటాయి. జీతానికి కాదు, ఇష్టం కొద్దీ వచ్చి అక్కడ నేసి చూపిస్తుందట. నేసిన ప్రతి బట్టనూ తీసుకుపోయి పరీక్ష చేయించుకోవాలట. ఆ పరీక్ష కోసం 1640లో కట్టిన భవనం ఇప్పటికీ ఉంది, బట్టల హాలు అనే పేరుతోనే. బాగుంటే సీసం ముద్ర వేసేవాళ్లు. నాయన చీర మడతపెట్టి సావుకారు ముందు పెట్టి, ఆయన వేలితో అంచు తడుముతుంటే ఊపిరి బిగబట్టి నిలబడటం నాకు కళ్లకు కట్టింది.

అప్పుడన్నా ఊరుకోవాల్సింది. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను, మాదీ నేత ఊరేనని, ఒళ్లంతా నూలు, అంచులు పట్టు, గద్వాల చీర అంటారని. ఆమె నేత ఆపి నా వైపు పూర్తిగా తిరిగింది. నూలు ఒక తీరుగా లాగుతుంది, పట్టు ఒక తీరుగా లాగుతుంది కదా, ఒకే బట్టలో రెండింటినీ ఎట్లా కలుపుతారని అడిగింది. ఎంత ఆసక్తిగా అడిగిందంటే, చేతిలో ఉన్న నాడెను పక్కన పెట్టి అడిగింది.

నేను చెప్పాను: "కుట్టుమిషను మీద కుడతారు."

ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసింది కాబోలు. ముప్పై ఆరేళ్లు తరగతిలో నిలబడినవాడికి తెలియదనడం చేతకాలేదు. ఆమె "అట్లాగా" అన్నట్టు తలూపి, నాడె తీసుకుని మళ్లీ నేత మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇంకేం అడగలేదు. వినదగింది ఏమీ లేదని ఆమెకు నేనే చెప్పేశాను.

ఇల్లు చేరి మా ఆవిడతో మాటల్లో చెప్పాను, ఏదో పెద్ద విషయం కాదన్నట్టు. ఆమె మనవడికి అన్నం పెడుతోంది. ముద్ద చేతిలోనే ఆగింది.

"కుడతరని చెప్పినారా?"

"మరి?"

"మరేందంటరేంది? మూడు నాడెలు. నడుమ ఒంటికొకటి, రెండు పక్కల అంచులకు రెండు. ఒక్కరితోని కాదు, పక్కన ఇంకొకరు కూసోవాలె. అంచు నాడె మీరే అందిస్తుంటిరంట గద చిన్నప్పుడు. అత్తమ్మ ఎన్నిసార్లు చెప్పలే?"

మా ఆవిడది రాజోలి. తుంగభద్ర ఒడ్డున మగ్గాల ఊరు. పెళ్లయిన ముప్పై మూడేళ్లలో ఆమెను నేత గురించి ఒక్క ముక్క అడిగింది లేదు. నిజంగానే ఎనిమిదేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా బడికి పోయే ముందు గంట, వచ్చాక గంట, నాయన ఎడమ పక్కన కూర్చుని అంచు నాడె అందించిన పిల్లవాణ్ణి నేనే. బడిలో ఎవరికీ తెలియకుండా దాచిన పని. దాచీ దాచీ నాకు నేనే మరిచిపోయాను.

ఆ రాత్రి ఆమె పెట్టెలోంచి చీర తీసింది. మంచం మీద పరిచి, ఫోన్ లైటు వేసి, నూలూ పట్టూ కలిసే చోట వేలుతో తడిమాను. కుట్టు లేదు. తిరగేసి చూశాను. చీర పొడవునా సన్నటి గట్టులాంటి గీత. ఆమె గోటితో చూపిస్తూ చెప్పింది. ఒంటి నాడె నూలు పోగు పట్టుకుని అంచు దాకా వస్తుంది. అంచు నాడె పట్టు పోగుతో అటు నుంచి వస్తుంది. రెండు పోగులూ అక్కడ ఒకదాన్నొకటి మెలేసుకుని, దేని దారిన అది వెనక్కి మళ్లుతుంది. పలక కొట్టాలి. మళ్లీ రెండూ రావాలి, మెలేసుకోవాలి, మళ్లాలి. కుప్పడం అంటారు దాన్ని. ఒక్క అంగుళంలో పదులసార్లు. ఆరు గజాల చీరకు, రెండు అంచులకు, ఎన్ని వేల మెలికలో. మా నాయన ముప్పై ఐదేళ్లు వేసినవి ఎన్ని అవుతాయో లెక్క వేద్దామని కాగితం తీసుకుని, మధ్యలో వదిలేశాను. గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. వార్త పేపర్లో చదివి, జనరల్ నాలెడ్జి కింద బోర్డు మీద రాసి పిల్లలతో బట్టీ పట్టించాను.

చీర మడతపెడుతూ మా ఆవిడ, "మా తమ్ముడు వినకపోయె, మీ మాట వింటె వాడు గూడ పూడుస్తుండె" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. అంతకంటే కోప్పడినా బాగుండేది.

2009 అక్టోబర్‌లో తుంగభద్ర పొంగి రాజోలి మునిగింది. మాకంటే పెద్దవాళ్లు కూడా ఎరగని వరద. నీళ్లు తీశాక నేను బియ్యం బస్తా, దుప్పట్లు వేసుకుని పోయాను. ఇళ్లల్లో మోకాలిబంటి ఒండ్రు. మగ్గం గుంతలు నేలకు సమానంగా నిండిపోయి ఎక్కడున్నాయో తెలియట్లేదు. పడుగులు బురదలో కలిసిపోయాయి. మా బావమరిది తట్టతో గుంతలోంచి ఒండ్రు ఎత్తిపోస్తున్నాడు. నేను గడపలో నిలబడి సలహా ఇచ్చాను.

"ఎట్లాగూ పూడింది కదా. పైన బండలు పరిపించి కిరాణం పెట్టుకో. నేను పూడ్చలేదా?"

వాడు తట్ట దించలేదు. "ముందు ఆరనీ బావా. దసరా ఎట్ల పాయె, సంక్రాంతికన్న మగ్గం ఎక్కాలె" అన్నాడు.

వాళ్లింటికి వరదొచ్చి గుంత పూడిస్తే వాళ్లు తవ్వుకున్నారు. మా ఇంటికి ఏ వరదా రాలేదు.

మళ్లీ ఆ మ్యూజియం తెరిచే రోజు చూసుకుని, చీర సంచిలో పెట్టుకుని, మా ఆవిడను తీసుకుని పోయాను. ఆ పెద్దావిడ లేదు. వేరే ఆయన ఉన్నాడు. ఆయన ముందే చీర పరిచి, మా ఆవిడ గోటితో చూపిస్తుంటే నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన కళ్లజోడు పైకెత్తి, బట్టకు ముక్కు ఆనించి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయనకు నిజం తెలిసింది. అబద్ధం విన్న ఆమెకు మాత్రం చెప్పలేకపోయాను. తిరుగు ప్రయాణంలోపు ఇంకో రెండుసార్లు పోయినా ఆమె కనపడలేదు.

తరగతి గదిలో డచ్చివాళ్ల గురించి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. 1606లో గోల్కొండ సుల్తాను దగ్గర అనుమతి, మచిలీపట్నంలో వర్తకం, 1610లో పులికాట్. సంవత్సరాలు తప్పితే మార్కు కోసేవాణ్ణి. అంత దూరం నుంచి ఎందుకు వచ్చారో మాత్రం సరిగ్గా చెప్పలేదు. వచ్చింది బట్ట కోసం. మన తీరంలో నేసిన బట్ట తీసుకుపోయి తూర్పు దీవుల్లో ఇచ్చి జాజికాయ, లవంగాలు కొనేవాళ్లు. మన నేత మీద అంత వ్యాపారం నడిచిందని చెబితే, నా తరగతిలో కూర్చున్న నేతగాళ్ల పిల్లలు ఒక్కరైనా తల ఎత్తి కూర్చునేవాళ్లేమో. వాళ్లూ నాలాగే దాచుకుంటున్నారని నాకు తెలుసు. చేతుల్లో రంగు మరకలు చూసి గుర్తుపట్టేవాణ్ణి. ఏమీ అనేవాణ్ణి కాదు.

గద్వాల తిరిగొచ్చాక, లైడెన్‌లో నడిచినట్టే పొద్దున్నే బయల్దేరి నడవడం మొదలుపెట్టాను. నా ఊరు నాకు కొత్తగా కనిపించిందని రాస్తే అది అబద్ధం. ప్రతి సందూ తెలుసు. తెలిసీ తిరగనివి. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా మా ఊరి నుంచి స్వామివారికి ఏరువాడ జోడు పంచెలు పోతాయి. సంస్థానం నుంచి వచ్చే ఆచారం. నేసేవాళ్లు 41 రోజులు దీక్షగా ఉండి నేస్తారు. రెండు ఏర్ల మధ్య ఉన్న సీమ కాబట్టి ఏరువాడ. నడిగడ్డ అన్నా అదే, కృష్ణకూ తుంగభద్రకూ నడుమ గడ్డ. తిరుమలకు పదిహేనుసార్లన్నా పోయి లైన్లో నిలబడి దండం పెట్టుకున్నాను. ఆ పంచెలు నేసే మగ్గం మా ఇంటి నుంచి పది నిమిషాల నడక. 2023 దాకా పోలేదు.

ఆ చలికాలం మా ఆవిడా నేనూ నేను పనిచేసిన ఊళ్లకు కూడా పోయాం. వనపర్తి దాటి శ్రీరంగాపూర్‌లో రంగసముద్రం కట్ట మీద నిలబడ్డాం. నీళ్ల అంచునే రంగనాయకస్వామి గుడి. సాయంత్రం గోపురం నీడ చెరువులో పడుతుంది. వనపర్తి రాజులు తవ్వించిన పెద్ద చెరువులను జనం సప్తసముద్రాలు అంటారు. రంగసముద్రం, శంకరసముద్రం వాటిలోవి. ఇప్పుడు భీమా ఎత్తిపోతల నీళ్లు వచ్చి చేరుతున్నాయి. ఆ చుట్టుపక్కల బడిలో ఆరేళ్లు పాఠం చెప్పాను. నెదర్లాండ్స్‌లో చాలా నేల సముద్రమట్టం కంటే కింద ఉంటుందని, కట్టలు కట్టి సముద్రాన్ని ఆపి నేల చేసుకున్నారని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. వానలేని ఈ నేల మీద కట్టలు కట్టి సముద్రాలు చేసుకున్న సంగతి చెప్పలేదు. పిల్లలను ఒక్కసారి ఆ కట్ట ఎక్కించలేదు. అది సైకిల్ మీద పోయే దూరం.

వీటన్నింటికంటే నన్ను ఎక్కువ బాధించేది కొల్లాపూర్ సంగతి.

1989లో అనుకుంటా, ఎనిమిదో తరగతి. బహుళార్థసాధక ప్రాజెక్టుల పాఠం. శ్రీశైలం ప్రాజెక్టు లాభాలు ఒకటి, రెండు అని రాయిస్తున్నాను. వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు లేచి, "సార్, మా ఊరు అండ్లనే ఉంది" అన్నాడు. ఏ ఊరు అంటే పాత ఊరు అన్నాడు. ఎండకాలం నీళ్లు ఇంకితే వాళ్ల నాయన తీసుకుపోయి చూపిస్తాడట. మొండిగోడలు బయటపడతాయట, వాళ్ల ఇంటి అరుగు కూడా కనిపిస్తుందట. తరగతి అంతా వాడి వైపు తిరిగింది. 1981లో ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు వాడికి ఐదేళ్లుండి ఉంటాయి. ఆ వయసులో వదిలిన తన ఇంటి అరుగును నీళ్లల్లోంచి గుర్తుపట్టి వచ్చి చెబుతున్నాడు. నేను ఏమన్నానంటే, "అది సిలబస్‌లో లేదు, కూర్చో."

వాడు కూర్చున్నాడు. మూడో లాభం రాయించాను.

కొల్లాపూర్‌లో మాధవస్వామి గుడికి పండక్కి పోయేవాణ్ణి. ఆ గుడి మంచాలకట్టలో మునిగిపోతుంటే రాయి రాయి విప్పి తెచ్చి కొల్లాపూర్‌లో మళ్లీ నిలబెట్టింది. జటప్రోలు మదనగోపాలస్వామి గుడీ, సోమశిల గుళ్లూ అట్లా కదిలి వచ్చినవే. దేవుళ్లను ఎట్లా తెచ్చారో పిల్లలకు చెప్పాను. మనుషులు ఎట్లా వచ్చారో వాడు చెప్పబోతే కూర్చోబెట్టాను. మొన్న సోమశిల రేవులో పడవ ఎక్కి, నీళ్ల మీద అరగంట తిరిగాం. కింద ఏ ఊరుందని పడవ అతన్ని అడిగితే చేయి చాపి రెండు మూడు పేర్లు చెప్పాడు. వాటిలో ఆ పిల్లవాడి ఊరు ఏదో నాకు తెలియదు. అప్పుడు అడగలేదు. వాడి పేరు కూడా గుర్తులేదు. ముఖం మాత్రం గుర్తుంది, కూర్చునేటప్పటి ముఖం.

పోయిన సంక్రాంతికి రాజోలి పోయాం. మా బావమరిది ఇంట్లో మగ్గం మీద మామిడిపండు రంగు ఒంటికి ఎర్ర అంచు చీర నడుస్తోంది. వాడు గుంతలో, ఎడమ పక్కన వాడి భార్య. నేను పోయి పక్కన నేల మీద కూర్చున్నాను. చాలాసేపు చూశాను. చూసే కొద్దీ చేతులకు ఏదో గుర్తుకొస్తున్నట్టు, మళ్లీ జారిపోతున్నట్టు ఉంది.

"నేనొకసారి అందిస్తా చెల్లెమ్మా" అన్నాను.

ఆమె మొగుడి ముఖం చూసింది. వాడు ఏమీ అనకుండా కొంచెం జరిగాడు. ఆమె లేచి చోటిచ్చింది. అంచు నాడె చేతిలోకి తీసుకున్నాను. చేతులు తగిలి తగిలి నున్నగా అయిన కట్టె, ఆమె చేతి వెచ్చదనం ఇంకా ఉంది. వాడు ఒంటి నాడె విసిరాడు. నూలు పోగు అంచు దాకా వచ్చి ఆగింది. నేను పట్టు పోగు దాని కింది నుంచి తీసి మెలేసి లాగాను.

"గట్టిగ గుంజొద్దు బావా. ముడ్చుకుంటది."

మళ్లీ వేశాను. ఈసారి వదులైంది. మూడోది బాగానే వచ్చిందనిపించింది. నాలుగోది వేశాక వాడు పలక ఆపి, వంగి అంచు చూసి, "సాలు బావా, దొరుకుతది మెల్లగ" అన్నాడు.

నేను లేచాను. చెల్లెమ్మ తన చోట కూర్చుని, దీపం దగ్గరికి జరుపుకుంది. నేను వేసిన నాలుగు పోగులూ ఒక్కొక్కటే వెనక్కి తీసి, పట్టు తెగకుండా వేలికి చుట్టుకుంది. తలెత్తకుండానే అంది, "రేపు పొద్దుగాల రాండ్రి అన్నా, ఎలుతురుంటది."